కానాగంతలు: రేవులో కొనడం నుంచి పులుసు దాకా

విశాఖలో చేప అనగానే చాలామంది వంజరం, చందువా దగ్గరే ఆగిపోతారు. చుట్టాలొస్తే అవే, ఆదివారం అయితే అవే. కానాగంతను (ఇంగ్లీషులో మాకెరెల్) మాత్రం "చవక చేప" అని పక్కన పెడతారు. చలికాలంలో ఈ ఊళ్లో పెట్టిన డబ్బుకి ఇంత రుచి ఇచ్చే చేప ఇంకోటి లేదని నా అభిప్రాయం. కాకపోతే దీనికి ఒక గుణం ఉంది. ఆలస్యాన్ని అస్సలు ఓర్చుకోదు. వంజరం ముక్క ఐసులో రెండు రోజులున్నా ఎలాగో సర్దుకుపోవచ్చు. కానాగంత ఒక్క పూట ఎండలో ఉంటే ఇక అంతే సంగతులు. అందుకే ఈ చేప విషయంలో సగం వంట రేవు దగ్గరే అయిపోతుంది. మిగతా సగం తేలిక.

కొందరు దీన్ని కానాగడత అని కూడా అంటారు, ఏ పేరుతో అడిగినా ఇస్తారు. శాస్త్రవేత్తలు వాడే పేరులోనూ "కానాగుర్త" ఉంటుంది. 1803లో ప్యాట్రిక్ రసెల్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నం తీరంలో దొరికిన చేపల బొమ్మలూ వివరాలూ అచ్చు వేయించినప్పుడు ఇక్కడివాళ్లు పిలిచే పేరునే రాసుకున్నాడు. తర్వాత కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్నే ఖాయం చేశాడు. మనం తక్కువగా చూసే చేప, ఊరి మాటను ప్రపంచమంతా తిప్పుతోందన్నమాట. సరే, బజారుకి వెళ్దాం.

ఎప్పుడు కొనాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మర బోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే విరామం అది. ఆ రోజుల్లో బజార్లో కుప్పలుగా కానాగంతలు కనిపిస్తే తొందరపడకండి. ఎక్కడివో, ఎన్నాళ్లవో అడగాల్సిందే. నిషేధం ఎత్తేశాక జూన్ చివర్లో కూడా దొరుకుతాయి గానీ, నేను ఎదురుచూసేది వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల కోసం. అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మంచి సైజు చేప తరచుగా దిగుతుంది.

ఇందులో మన ఊరికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. కార్తీకమాసంలో సగం విశాఖ నీచు ముట్టదు. బోట్లు మాత్రం వేటకు వెళ్లడం మానవు. చేప దిగుతుంది, కొనేవాళ్లు తగ్గుతారు, ధర పడుతుంది. నియమాలు లేనివాళ్లకు అదే మంచి సమయం. పోలి స్వర్గం దాటిన తర్వాతి ఆదివారం వెళ్లి చూడండి, అదే చేప ధర ఎక్కడుంటుందో తెలుస్తుంది. మార్గశిరంలో గురువారాలు కూడా ఇంతే. కనకమహాలక్ష్మి అమ్మవారి వారం కాబట్టి ఆ రోజు రద్దీ ఉండదు.

కానాగంతలు గుంపులుగా తిరుగుతాయి. గుంపు వలలో పడిన రోజు రేవంతా అవే, ధర నేల మీదుంటుంది. మర్నాడు ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి "ఈ ఆదివారం కానాగంత పులుసే" అని ముందే మొండిగా అనుకుని వెళ్లకండి. అవి బాగున్న రోజున అవి తెచ్చుకోండి, లేకపోతే కవళ్లు, సావడాయిలు లాంటి వేరే చేపలు తెచ్చుకోండి.

ఒక్క హెచ్చరిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసి, బోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉన్న రోజుల్లో బజార్లో చేప ఉందంటే అది పాత ఐసు సరుకే. ఆ వారం కోడిగుడ్లు తినండి.

ఎక్కడ కొనాలి

రెండు దారులున్నాయి. ఒకటి ఫిషింగ్ హార్బర్. తెల్లవారకముందే వేలం మొదలవుతుంది. అక్కడ ట్రేలూ బుట్టలూ లెక్కన పాడేది వ్యాపారులు. మనలాంటివాళ్లం ఆ వేలంలో కొన్న ఆడవాళ్లు పక్కనే కూర్చుని వాటాలు వేసి అమ్మేటప్పుడు కొనుక్కుంటాం. ఆరు, ఏడు గంటల మధ్య వెళ్తే సరిపోతుంది. అయితే హార్బర్లో ఉన్న చేపంతా ఈ పొద్దుటిదే అనుకోవద్దు. పెద్ద మర బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి. వాటి అడుగున ఐసులో ఉన్న చేప ఈ ఉదయమే దిగినా, పట్టి ఎన్నో రోజులై ఉండొచ్చు.

రెండో దారి చిన్న పడవలు ఒడ్డుకొచ్చే చోట్లు. పెదజాలారిపేట, మంగమారిపేట, భీమిలి లాంటివి. ఫైబర్ బోట్లలో చీకటితో వెళ్లినవాళ్లు పొద్దెక్కేసరికి తిరిగొస్తారు. ఇసుక మీదే వల దులుపుతారు. అక్కడ రకాలు తక్కువ, బేరం కూడా తక్కువే సాగుతుంది. కానీ చేప మాత్రం కొన్ని గంటల కిందటిది. కానాగంత వరకు నా ఓటు దీనికే. పూర్ణా మార్కెట్, కంచరపాలెం, గాజువాక బజార్లలోనూ బాగానే దొరుకుతుంది. ఎండ ఎక్కకముందే వెళ్లండి, పదకొండు తర్వాత వద్దు.

అమ్మే ఆవిడను ఒక్క ప్రశ్న అడగండి. "ఏమ్మా, ఇవి బోటువా, తెప్పవా?" అంటే పెద్ద మర బోటువా, చిన్న పడవవా అని. "ఇప్పుడే దిగేయి బాబూ" అని జవాబు వస్తే అది జవాబు కాదు. బోటుదైనా ఇప్పుడే దిగుతుంది కదా! మళ్లీ అడగండి. వారంవారం ఒకరి దగ్గరే కొంటే మూడో నెలకల్లా ఆవిడే "ఈరోజు ఇవి వద్దులే, పార చేపలు పట్టుకెళ్లు" అని చెబుతుంది. వాటా దగ్గర పది రూపాయల కోసం పట్టుబట్టేవాళ్లకి ఈ సలహా దొరకదు.

చేపను ఎలా చూడాలి

ముందు దూరం నుంచి రంగు చూడండి. తాజా కానాగంత వీపు ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో తళుక్కుమంటుంది, దాని మీద నల్లటి గీతలు స్పష్టంగా ఉంటాయి. పక్కల బంగారు రంగు జాడ, కింద వెండి తెలుపు. పాతబడేకొద్దీ ఈ మెరుపంతా పోయి బూడిద రంగు తిరుగుతుంది.

తర్వాత చేతిలోకి తీసుకోండి. తల దగ్గర పట్టుకుని అడ్డంగా చాపితే తోక కిందికి వేలాడకుండా కర్రలా నిలబడాలి. అలా బిగిసి ఉంటే పట్టి ఎంతోసేపు కాలేదని అర్థం. మెత్తగా వంగిపోతే అనుమానించండి. కళ్లు ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు స్పష్టంగా ఉండాలి. ఐసు నేరుగా తగిలినా కళ్లు కాస్త మసకబారతాయి కాబట్టి కంటినొక్కదాన్నే నమ్ముకోవద్దు. చెంప ఎత్తి మొప్పలు చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగులోకి వచ్చి జిగురు పట్టి ఉంటే కిందపెట్టేయండి.

అన్నిటికంటే పొట్ట ముఖ్యం. ఈ చేప ముందు పాడయ్యేది అక్కడే. లోపలి పేగులు త్వరగా కుళ్లి పొట్ట గోడను తినేస్తాయి. వేలితో నొక్కితే గట్టిగా ఉండి, గుంట వెంటనే పూడిపోవాలి. పొట్ట పగిలి పేగులు బయటికొచ్చిన చేపలు వాటాలో ఒకటో రెండో ఉన్నా మొత్తం వాటా వదిలేయండి. పైన నాలుగు మెరిసేవి పేర్చి కింద మెత్తటివి పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. వాటాను చేత్తో కదిపి అడుగువి కూడా చూడండి, మొహమాటం వద్దు.

సైజు సంగతి. కిలోకి ఎనిమిది నుంచి పది తూగేవి పులుసుకీ వేపుడుకీ రెండింటికీ కుదురుతాయి. మరీ చిన్నవైతే కండ తక్కువ, ముల్లు ఎక్కువ. నలుగురున్న ఇంటికి కిలో చాలు, శుభ్రం చేశాక ముప్పావు కిలో కంటే తక్కువే మిగులుతుంది.

ఇంటికి తెచ్చేదాకా

బయల్దేరేటప్పుడే ఒక థర్మాకోల్ పెట్టె గానీ మూత ఉన్న బకెట్ గానీ బండి మీద పెట్టుకోండి. హార్బర్లో నలగ్గొట్టిన ఐసు దొరుకుతుంది. చేపల ఎత్తుకి ఎత్తు ఐసు వేయించండి, అడుగున కొంత, పైన కొంత. జాలారిపేట నుంచి ఎంవీపీ కాలనీ పక్కనే కదా అనుకోకండి. దారిలో కూరగాయలు, పాల ప్యాకెట్టు, టిఫిను అని ఆగితే గంట గడిచిపోతుంది. మధురవాడ, పెందుర్తి వైపు వెళ్లేవాళ్లకైతే ఐసు లేకుండా కొనొద్దనే చెబుతాను.

ఇది ఛాదస్తం కాదు. కానాగంత కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వేడెక్కితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. అలాంటి చేప తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి వేడెక్కడం, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ, కడుపులో తిప్పడం మొదలవుతాయి. నోట్లో పెట్టుకోగానే మిరియాల్లా చురుక్కుమనడం ఒక గుర్తు. అలా అనిపిస్తే ఆ ముద్ద అక్కడే ఆపేయండి, ఇబ్బంది ఎక్కువైతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. "నాకు కానాగంత పడదు", "ఒంటికి వేడి చేస్తుంది" అనేవాళ్లలో కొందరికి పడనిది చేప కాకపోవచ్చు, అది ఎండలో గడిపిన రెండు గంటలు కావచ్చు. నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ప్రయోగాలు చేయొద్దు.

శుభ్రం చేయడం

హార్బర్లోనూ బజార్లలోనూ కత్తిపీట వేసుకుని కూర్చున్నవాళ్లు కిలోకి ఇంతని తీసుకుని కోసిస్తారు. ఇచ్చేయండి, టెన్షన్ ఉండదు. పేగులు ఎంత త్వరగా తీస్తే చేప అంత బాగుంటుంది కూడా. ఎలా కావాలో ముందే చెప్పాలి, లేకపోతే అలవాటుగా తల నరికి, మూడు ముక్కలు చేసేస్తారు. పులుసుకి తల ఉంచి మొప్పలు, పేగులు మాత్రం తీయమనండి. వేపుడుకి తల తీసేసి, రెండు వైపులా ఎముక దాకా మూడేసి గాట్లు పెట్టమనండి.

ఇంటికొచ్చాక మీ పని మొదలు. పొలుసు సన్నది, పెద్ద ఇబ్బంది లేదు. గుప్పెడు కళ్లుప్పు వేసి తోక నుంచి తలవైపు రుద్దితే వచ్చేస్తుంది. పొట్ట లోపల ఒక నల్లటి పొర ఉంటుంది. చేదూ నీచు వాసనా ఎక్కువగా దాని వల్లే. బొటనవేలితోనో పాత టూత్ బ్రష్షుతోనో గీకి తీసేయండి. వెన్నెముక పొడవునా గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది, దాన్నీ గోటితో లాగేయాలి. ఈ రెండు పనులు చేస్తే తర్వాత నిమ్మకాయలూ మజ్జిగలూ పోసి వాసనతో కుస్తీ పట్టక్కర్లేదు. చివరగా ఉప్పు, పసుపు వేసి రెండుసార్లు చల్లటి నీళ్లతో కడిగి, జల్లెడలో వాడ్చండి. నీళ్లలో నానబెట్టి ఉంచొద్దు, రుచంతా నీళ్లలోకి పోతుంది. వండేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, గట్టు మీద కాదు.

పులుసు

కిలో చేపకి నలభై గ్రాముల చింతపండు వేడినీళ్లలో నానబెట్టండి. పెద్ద ఉల్లిపాయలు రెండు సన్నగా తరగండి. పచ్చిమిర్చి ఆరు నిలువుగా చీరండి. ఒక వెల్లుల్లి గడ్డ ఒలిచి కచ్చాపచ్చాగా దంచండి. రెండు చిన్న చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, అర చెంచా ఆవాలు, పావు చెంచా మెంతులు దోరగా వేయించి పొడి కొట్టి పెట్టుకోండి. మెంతులు మాడితే పులుసంతా చేదవుతుంది, రంగు మారగానే దించేయండి. కారం రెండు పెద్ద చెంచాలు, పసుపు అర చెంచా, ఉప్పు, కరివేపాకు. నూనె నువ్వులదైతే మంచిది. టమాటా వేయను, ఈ చేపకి చింతపండు పులుపే పడుతుంది.

వెడల్పాటి గిన్నె తీసుకోవాలి. మట్టి దాక ఉంటే మరీ మంచిది. చేపలన్నీ ఒకే వరసలో పట్టాలి, ఒకదాని మీద ఒకటి పడితే తిప్పేటప్పుడు విరుగుతాయి. ఐదారు చెంచాల నూనె కాగాక ఆవాలు, కరివేపాకు వేసి, ఉల్లిపాయలు అంచులు ఎర్రబడేదాకా వేయించండి. వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి పచ్చివాసన పోయాక మంట తగ్గించి పసుపు, కారం కలపండి. కారం అర నిమిషం వేగితే చాలు. వెంటనే చింతపండు రసం పోయండి. మొత్తం నీళ్లు మూడు గ్లాసుల దాకా పడతాయి. ఉప్పు వేసి పన్నెండు, పదిహేను నిమిషాలు తెర్లనివ్వండి. అంచుల్లో నూనె తేలాలి.

ఇక్కడ రుచి చూడండి. చేప పడక ముందు పులుసు కాస్త ఉప్పగా, పుల్లగా ఉంటేనే తర్వాత సరిపోతుంది. చేప రుచి లాక్కుంటుంది, తన నీరూ వదులుతుంది.

ఇప్పుడు చేపలు ఒక్కొక్కటీ పక్కపక్కనే పరచండి. మళ్లీ ఉడుకు పట్టగానే మంట తగ్గించి ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచండి. మూత సగం పెట్టాలి. ఇక గరిటె పక్కన పెట్టేయండి. కలపాలనిపిస్తే గిన్నెను రెండు గుడ్డలతో పట్టుకుని గుండ్రంగా ఊపండి. చివర్లో వేయించిన పొడి చల్లి, ఇంకోసారి ఊపి, రెండు నిమిషాల్లో దించేయండి. కొత్తిమీర మీ ఇష్టం.

దించగానే తినాలనిపిస్తుంది గానీ రెండు గంటలైనా ఆగండి. పొద్దున్న వండి రాత్రికి తింటే ఇంకా బాగుంటుంది. మర్నాడు ఉదయం మిగిలిన పులుసు కోసం ఇంట్లో గొడవ జరగకపోతే ఉప్పో పులుపో తక్కువైందన్నమాట. రాత్రంతా ఉంచాలంటే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. తినే ముందు పొగలు వచ్చేదాకా వేడి చేయండి, ఊపడమే తప్ప గరిటె పెట్టొద్దు.

చలికాలంలో పచ్చి చింతకాయలు వస్తాయి. వాటిని ఉడికించి పిసికిన రసంతో చేస్తే పులుసు రంగు లేతగా ఉంటుంది, పులుపు మాత్రం చురుగ్గా ఉంటుంది. మార్చి తర్వాత పుల్ల మామిడికాయ దొరికితే చింతపండు సగానికి తగ్గించి, చేపలు వేసే ముందు మామిడి ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి.

వేపుడు

గాట్లు పెట్టిన చేపల్ని పొడి గుడ్డతో అద్దండి. తడి ఉంటే మసాలా నిలవదు, పెనానికీ అతుక్కుంటుంది. కిలోకి రెండు పెద్ద చెంచాల కారం, అర చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా మిరియాల పొడి, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు, ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి. ముద్దగా కలిపి గాట్లలోకీ పొట్టలోకీ పట్టించి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బీచ్ రోడ్డు బళ్ల మీద కనిపించే ఆ ఎర్ర రంగు కోసం పొడులేవీ కలపక్కర్లేదు, మంచి కారమైతే రంగు అదే వస్తుంది.

ఇనప పెనం బాగా కాలాక పల్చగా నూనె వేసి, మధ్య మంట మీద చేపలు పెట్టండి. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. ఒక్కసారే తిప్పాలి. అట్లకాడ దూర్చగానే దానంతటది పైకి లేచిందంటే తిప్పొచ్చు, అతుక్కుని ఉంటే ఇంకో నిమిషం ఆగండి. పెనం నిండా కుక్కితే చేప వేగడం మానేసి నీళ్లలో ఉడుకుతుంది. కానాగంతలో కొవ్వు ఉంది, సొంత నూనె వదులుతుంది. ముంచి వేయించే పనే లేదు.

పిల్లలకు పెట్టేటప్పుడు వేయించిన చేపను వీపు వెంట వేలితో విడదీయండి. పై పొర లేచొస్తుంది, వెన్నెముక మొత్తం ఒక్కసారి లాగితే చాలా ముళ్లు దాంతోపాటే వచ్చేస్తాయి. కవళ్లతో పడే తిప్పలు ఇందులో లేవు. పొట్ట అంచున ఉన్న సన్న ముళ్లు మాత్రం చేత్తో తీసి చూసి పెట్టండి. ఈ చేప సముద్రంలో తేలియాడే చిన్న చిన్న జీవుల్ని తిని బతుకుతుంది, పెద్ద వేట చేపల్లో పేరుకున్నంత పాదరసం ఇందులో ఉండదు. పిల్లలకు తరచుగా పెట్టడానికి వంజరం కంటే ఇదే నయం.

మిగిలితే

కానాగంతను ఫ్రీజర్లో నెలల తరబడి దాచొద్దు. కొవ్వున్న చేప కాబట్టి పాత నూనె వాసన పట్టేస్తుంది. తప్పదనుకుంటే శుభ్రం చేసి, తడి లేకుండా, ఒక్కో పూటకు సరిపడా విడివిడి కవర్లలో గాలి లేకుండా కట్టి, రెండు మూడు వారాల్లోపు వాడేయండి. వండే ముందు రాత్రి కింది అరలోకి మార్చి కరగనివ్వాలి, ఎండలోనో వేడి నీళ్లలోనో కాదు. అలాంటి చేపను వేపుడు చేయకండి, పొడిబారిపోతుంది. పులుసే చేయండి. మొప్పలు, పేగులు ఇంట్లో తీసి ఉంటే పాత పేపర్లో చుట్టి కవర్లో కట్టి, చెత్త బండి వచ్చేదాకా ఫ్రీజర్ మూలన పెట్టండి. లేకపోతే వీధిలోని పిల్లులన్నీ మీ గుమ్మం ముందే ఉంటాయి.